బర్నింగ్ బ్లడ్‌లో లోజియా వాళ్లకి దెబ్బ తగలాలంటే ఏం చెయ్యాలి?

#1 గడ్డిటోపీ_గుంటూరు
ఆదివారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి.

వన్ పీస్: బర్నింగ్ బ్లడ్ డిస్కు (పీఎస్4ది) పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. వన్ పీస్ అనే జపాన్ బొమ్మల కథ (మాంగా) పాత్రలతో ముగ్గురేసి జట్లుగా కొట్లాడే ఆట ఇది. నేనూ మా తమ్ముడూ ఆడుతున్నాం. వాడు ఇంటర్ సెకండియర్, అమ్మ ఆదివారం సాయంత్రం మూడు గంటలే ఒప్పుకుంటుంది. వారమంతా ఆ మూడు గంటల కోసమే చూస్తాం ఇద్దరం.

వాడి టీమ్ ఎప్పుడూ ఒకటే: ఏస్, సాబో, అకైను. ముగ్గురూ లోజియాలే, అంటే ఒళ్లంతా నిప్పులాంటిదిగా మార్చుకునే శక్తి ఉన్నవాళ్లు. నాది ఉసోప్, నామి, చాపర్. ఉసోప్ అంటే నాకు మొదటి నుంచీ ప్రాణం. కాళ్లు వణుకుతున్నా పారిపోకుండా నిలబడతాడు కదా, అందుకు.

ఇవాళ జరిగింది చెప్తా. వాడి దగ్గర ఏస్ ఒక్కడే మిగిలాడు, ప్రాణం కూడా ఇంకొక్క దెబ్బకి పోయేంతే ఉంది. నేను దూరం జరిగి ఉసోప్ ఉండేలుతో వరసగా కొట్టా. వాడు పక్కకి కూడా జరగలేదు. ఎల్1 బటన్ నొక్కి పట్టుకుని అలా నిలబడ్డాడంతే. ఏస్ ఒళ్లంతా మంటైపోయింది. నేను కొట్టిన గుండు ఛాతీలోంచి దూరి వెనక్కి వెళ్లిపోయింది, ఆ కన్నం మళ్లీ మంటతో పూడిపోయింది. తర్వాత తాపీగా దగ్గరికొచ్చి హికెన్ (ఏస్ నిప్పు పిడికిలి దెబ్బ) వేశాడు. మ్యాచ్ అయిపోయింది.

నేను అడిగేది రెండు. దీనికి విరుగుడు ఏమైనా ఉందా? ఉంటే, ఉసోప్‌ని వదులుకోకుండా అది కుదురుతుందా?

#2 విశాఖ_నకామా
సోమవారం, ఉదయం 6:40

స్వాగతం తమ్ముడూ. విరుగుడు ఉంది. హాకీ. అంటే కథలో కొందరికి ఉండే ఒక లోపలి శక్తి.

ఎల్1 బటన్ అందరికీ ఒకటే గానీ ఒక్కొక్కరికి ఒక్కో పని చేస్తుంది. లోజియా వాళ్లు నొక్కి పట్టుకుంటే ఒళ్లు నిప్పో, మంచో, ఇసకో, వెలుగో అయిపోయి మామూలు దెబ్బ లోపలికి దూరి బయటికి పోతుంది. హాకీ ఉన్నవాళ్లు అదే ఎల్1 పట్టుకుని కొడితే ఆ దెబ్బ అసలు శరీరానికి తగులుతుంది. అంటే మంటగా మారి నిలబడ్డవాడు కదలకుండా నీ ముందున్నట్టే. ఆ క్షణం నీది.

మీ తమ్ముడికి ఎల్1 అలవాటైపోయింది. హాకీ దెబ్బ నాలుగుసార్లు తగిలిందంటే ఆ బటన్ మీద వేలు పెట్టడానికే జంకుతాడు.

నీ టీమ్‌లో ముగ్గురికీ ఆ దెబ్బ లేదు. ఒకణ్ణి మార్చు. రెండేళ్ల శిక్షణ తర్వాతి లూఫీ (మన హీరోనే) అయితే తేలిక. ఉసోప్‌ని ఉంచుకో, చాపర్‌నో నామినో పక్కన పెట్టు. ఇది ముగ్గురి ఆట. ఒక్కడే అన్నీ చెయ్యక్కర్లేదు, ఎవరిని ఎప్పుడు దించాలో నీ చేతిలో ఉంది.

#3 వరంగల్_శాంతోర్యు
సోమవారం, ఉదయం 9:15

అన్నలూ, నేను ఇంకో మాట చెప్త, కోపం తెచ్చుకోకుండ్రి.

నేను టెక్కెన్ (గది కూడ ఫైటింగ్ గేమే) నుంచి వచ్చినోణ్ణి. హన్మకొండల ఒక గేమింగ్ సెంటర్ ఉండె, కాలేజ్ అయిపోంగనే పోయి కూసుంటుంటిమి. ఓడినోడు పైసలు కట్టాలె, గెలిచినోడు సీటు మీదికెళ్లి లేవద్దు. గక్కడ నేర్చుకున్నది ఏందంటే, ఎదుటోడు ఎవర్ని పట్టుకున్నా నా మనిషితోని గెలిచే తొవ్వ ఒకటి ఉంటది. కష్టమే కావచ్చు. కానీ ఉంటది. అందుకే ఓడిపోయినా మల్ల ఒక రౌండ్ అడగబుద్ధి అయితది.

బర్నింగ్ బ్లడ్‌ల గది లేదు. ఉసోప్‌ను ప్రాణం లెక్క చూసుకునే పిలగాడు ఏడాది సాధన చేసినా, ఎదుటోడు ఒక్క బటన్ నొక్కి నిలవడితే ఆ సాధన అంత బూడిదల పోసినట్టే. గుంటూరు తమ్ముడు రాసింది సదివినంక నాకే బాధ అనిపించింది. బొమ్మలు మస్తు ఉన్నయ్, ఆ రంగులు, ఆ గీతలు మాంగా పేజీ కదులుతున్నట్టే ఉంటయ్, గది ఒప్పుకుంట. కానీ ఫైటింగ్ గేమ్ అంటే ముందుగాల న్యాయం ఉండాలె.

#4 గడ్డిటోపీ_గుంటూరు
సోమవారం, మధ్యాహ్నం 1:05

నకామా అన్నా, చాలా థ్యాంక్స్. హాకీకి ఎల్1 పట్టుకోవాలని నాకు తెలీనే తెలీదు. ఆటలో మొదట్లో నేర్పే భాగం గబగబా దాటేశాను.

శాంతోర్యు అన్నా, మీరన్నది నిజమే అనిపిస్తోంది. ఉసోప్‌తోనే గెలవాలని నాకు.

#5 తెల్లమీసం_సికింద్రాబాద్
సోమవారం, రాత్రి 10:30

ఈ చర్చ చూసి ఊరుకోలేకపోయాను. నాకు నలభై దాటాయి. వన్ పీస్ పోరాటం ఆటలు పీఎస్1 రోజుల నుంచీ ఆడుతున్నాను కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లి చెప్తాను, ఓపిగ్గా చదవండి.

మాంగా 1997 జులైలో మొదలైంది, టీవీ యానిమే 1999 అక్టోబరులో. 2001లో జపాన్‌లో గ్రాండ్ బ్యాటిల్ వచ్చింది, పీఎస్1 మీద, గాన్‌బారియన్ అనే సంస్థ చేసింది. తల పెద్దది, ఒళ్లు చిన్నది, బొమ్మరిళ్లలో పిల్లల్లా ఉంటారు అందరూ. పీపాలు ఎత్తి విసురుకోవడం, నేల మీద దొరికింది ఏరుకోవడం, అంతే. ఆ వరసలోనే 2006లో అమెరికాలో పీఎస్2కి గ్రాండ్ అడ్వెంచర్ వచ్చింది. ఓడ మీద దీవి నుంచి దీవికి వెళ్లి కొట్లాడాలి. ప్యారడైజ్ దగ్గర సీటీసీలో ఒక కొట్టులో ఆ డిస్కు దొరికిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. కవర్ మీద పేరు స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. అసలు డిస్కు కాదని తెలుసు, అప్పుడు ఇక్కడ అసలుది కొనాలన్నా దారి లేదు.

ఆ ఆటల్లో క్రొకొడైల్ ఇసక మనిషి అన్నది బొమ్మల వరకే. ఎవరు కొట్టినా తగిలేది. లూఫీ కొట్టినా, ఉసోప్ కొట్టినా. న్యాయంగానే ఉండేది. కానీ క్రొకొడైల్ అంటే ఎవరికీ భయం ఉండేది కాదు. కథలో లూఫీని ఇసకలో పాతిపెట్టిన మనిషి, ఆటలో ఒక కొక్కెం చెయ్యి ఉన్న మామూలు రౌడీ.

2016లో బర్నింగ్ బ్లడ్ వచ్చింది. చేసింది స్పైక్ చున్‌సాఫ్ట్, విడుదల చేసింది బందాయ్ నామ్కో. మొదటిసారి పొగ మనిషి స్మోకర్ మీద మామూలు గుద్దు గుద్దితే పొగలోంచి నా చెయ్యి అవతలికి వెళ్లింది. కంట్రోలర్ పట్టుకుని అలా ఉండిపోయాను. కథలో లోగ్‌టౌన్ ఊళ్లో స్మోకర్ ఎదురైనప్పుడు లూఫీకి ఏమనిపించి ఉంటుందో పదిహేడేళ్ల తర్వాత నా చేతికి తెలిసింది. ఏం చేసినా తగలకపోవడం అంటే ఏంటో.

శాంతోర్యు, నువ్వు న్యాయం అంటున్నావు. ఆ లోకంలో తింటే శక్తులిచ్చే పళ్లు న్యాయంగా పంచలేదు కదయ్యా. ఒకడికి నిప్పు దొరికింది, ఒకడికి రబ్బరు దొరికింది, ఒకడికి ఏదీ దొరక్క ఉండేలు పట్టుకున్నాడు. ఆ తేడా తీసేస్తే ఉసోప్ ధైర్యానికి విలువ ఎక్కడుంది?

#6 నెల్లూరు_నామి
సోమవారం, రాత్రి 11:20

తెల్లమీసం గారూ, భలే రాశారండీ.

నేను ఇంకొకటి కలుపుతాను. సాంజీ సంగతి. కథలో ఆడవాళ్ల మీద కాలెత్తడు కదా, ఆటలోనూ అంతే. ఎదురుగా ఆడ పాత్ర ఉంటే సాంజీ కొట్టడు. మా ఆయనకి సాంజీ ఇష్టం, నాకు నామి, రాబిన్, హాంకాక్. కొన్న కొత్తలో తెలియక ఆడాం. ఆయన బటన్లు నొక్కుతూనే ఉన్నారు, నాకు దెబ్బ తగలడం లేదు. కంట్రోలర్ పాడైందేమో అని బ్యాటరీ కూడా చూశారు. తర్వాత అర్థమయ్యాక ఇద్దరం చాలాసేపు సాంజీ గురించే మాట్లాడుకున్నాం. వాడు చావడానికైనా సిద్ధపడతాడు గానీ ఆ మాట తప్పడు. అది ఆట తయారుచేసినవాళ్లు మర్చిపోలేదు. దానివల్ల సాంజీని ఎంచుకునేవాళ్లు నష్టపోతారని వాళ్లకి తెలియకుండా ఉంటుందా? తెలిసే పెట్టారు.

అలాగే ఎనెల్. స్కైపియాలో దేవుణ్ణని కూర్చున్నవాడి పిడుగులు రబ్బరు మనిషికి పట్టవు. ఆటలోనూ లూఫీకి పట్టవు.

ఇంకో మాట. గుంటూరు తమ్ముడు గమనించాల్సింది. హాకీ అన్న మాట కథలో వివరంగా తెలిసేదాకా లోజియా వాళ్లని ఎలా గెలిచారు? బుర్రతో. అలబాస్టాలో క్రొకొడైల్ మీదికి లూఫీ నీళ్ల పీపా వీపున కట్టుకుని వెళ్లాడు. తడిసిన ఇసక ముద్దవుతుంది కదా, అప్పుడు దెబ్బ తగిలింది. ఆ నీళ్లూ అయిపోయాక తన నెత్తురుతోనే పిడికిలి తడుపుకున్నాడు. నాకు ఆ కథలో అన్నిటికన్నా ఇష్టమైన గెలుపు అది. హాకీ వచ్చాక అలాంటివి తగ్గాయని నాకు కొంచెం దిగులు కూడా ఉంది.

#7 వరంగల్_శాంతోర్యు
మంగళవారం, ఉదయం 8:50

నెల్లూరు_నామి రాసింది: «తెలిసే పెట్టారు.»

అక్కా, గదే కదా నా బాధ. తెలిసే పెట్టిన్రు. కథ సదివినోనికి అది ముద్దుగ ఉంటది, నాక్కూడా ఉంటది. నేను శాంతోర్యు అని జొరో మూడు కత్తుల పద్ధతి పేరు పెట్టుకున్న, జొరో అంటే పానం, కథ మీద ప్రేమ లేక అంటలేను.

కానీ ఒకసారి ఇట్ల ఆలోచించున్రి. ఇద్దరు కొత్తోళ్లు కూసున్నరు. ఎవర్ని తీసుకుంటున్నరో ఒకనికొకడు చూడకుండ ఎంచుకున్నరు. ఒకడు సాంజీ, ఒకడు హాంకాక్. ఒక్క బటన్ నొక్కకముందే సగం మ్యాచ్ అయిపాయె. మరి ఆ కొట్లాటల చేతి పనితనం ఏడున్నది? ఎంచుకునే కాడనే తేలిపోతే అది పత్తాల ఆట లెక్క అయితది.

కథల లూఫీకి నీళ్ల పీపా దొరికింది. మరి ఆటల ఉసోప్‌కు పీపా ఏది? ఉండేలు తోటి కూడ ఏదన్న ఉపాయం చేసి ఏస్‌కు దెబ్బ తగిలించే అవకాశం పెట్టి ఉంటే నేను ఈ మాట అనకపోదును. బుర్ర వాడనియ్యి, సాధన చెయ్యనియ్యి, అప్పుడు ఓడిపోతే నాకు ఫికర్ లేదు.

#8 విశాఖ_నకామా
మంగళవారం, మధ్యాహ్నం 2:10

శాంతోర్యు చివరి పేరా నాకు నచ్చింది. ఆ ప్రశ్నకి జవాబు ఆటలో కొంత ఉంది, పూర్తిగా లేదు. అది ఒప్పుకోవాలి.

కొంత అని ఎందుకన్నానంటే, నువ్వు మనిషికీ మనిషికీ మధ్య న్యాయం చూస్తున్నావ్. ఈ ఆట జట్టుకీ జట్టుకీ మధ్య చూస్తుంది. ఆడే పాత్రలు నలభైకి పైగా, పక్కన సాయం నిలబడేవాళ్లు అరవైకి పైగా ఉన్నారు. ముగ్గుర్ని ఎంచుకునేటప్పుడు మొదటి సగం యుద్ధం అక్కడే చెయ్యాలి. హాకీ ఉన్నవాడొకడు, దూరం నుంచి కొట్టేవాడొకడు, బాగా దెబ్బలు తట్టుకునేవాడొకడు. సాంజీని తీసుకుంటే అవతల హాంకాక్ వస్తే దించడానికి ఇంకొకడు. కథలో లూఫీ వాళ్ల గడ్డిటోపీ జట్టు కూడా అలాగే కదా నడిచేది. ఎనీస్ లాబీ పోరాటంలో ఎవరికి ఎవరు ఎదురుపడ్డారో, ఎవరి తాళంచెవి ఎవరు తెచ్చారో గుర్తు చేసుకో.

నువ్వు చెప్పిన చూడకుండా ఎంచుకోవడం మాత్రం ఒక్కొక్కరు ఆడే పద్ధతిలో నిజంగా ఇబ్బందే. దానికి నా దగ్గర సమాధానం లేదు. నేను స్నేహితులతో ఆడేటప్పుడు ముందే ఒప్పందం చేసుకుంటాం.

కెమెరా గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మూలకి నెట్టారంటే ఎదుటివాడు కనపడడు. లోజియా కన్నా నేను కెమెరా వల్ల ఓడిపోయినవే ఎక్కువ.

#9 కొత్తనావికుడు_తిరుపతి
మంగళవారం, సాయంత్రం 6:33

అన్నా, నేనూ ఈ గేమ్ కొందామనుకుంటా ఉండా. యానిమే ఇప్పుడు ఇంపెల్ డౌన్ జైలు దగ్గిరుండా. ఏస్‌ని తీసకపోతా ఉండారు, లూఫీ ఎనకాల్నే దూకినాడు. దయచేసి ఆ తర్వాత ఏమైందో ఎవురూ చెప్పొద్దండి. ఈ గేమ్‌లో స్టోరీ ఎక్కడి నుంచి ఉంటుంది? ఇప్పుడే ఆడొచ్చా?

#10 లాగ్‌పోజ్ (మోడరేటర్)
మంగళవారం, సాయంత్రం 6:50

అందరికీ మనవి. పైన కొత్తనావికుడు ఎక్కడున్నారో చూశారు కదా. ఈ థ్రెడ్‌లో మరీన్‌ఫోర్డ్ యుద్ధం ఫలితం గురించి ఒక్క ముక్క కూడా రాయవద్దు, చాటుగా అయినా సరే. బొమ్మలూ పెట్టవద్దు. వారు చూశానని చెప్పేదాకా అది అలాగే ఉంటుంది.

కొత్తనావికుడు గారూ, ఈ ఆటలో స్టోరీ మోడ్ మొత్తం మీరు ఇంకా చూడని ఆ యుద్ధమే. మెనూలో దాని జోలికే వెళ్లకండి. మిగతా మోడ్‌లు ఆడుకోవచ్చు.

#11 తెల్లమీసం_సికింద్రాబాద్
మంగళవారం, రాత్రి 9:45

కొత్తనావికుడు బాబూ, మోడరేటర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు పాటించు. డిస్కు కొని బీరువాలో పెట్టు. ముందు యానిమే చూడు. నిదానంగా, ఎపిసోడ్లు దాటేయకుండా చూడు. మొదటిసారి చూసేది ఒక్కసారే వస్తుంది. నీ మీద నాకు నిజంగా అసూయగా ఉంది.

ఆడేటప్పుడు కూడా యానిమే తెలిసి ఉండాలి. ఈ ఆట కథని మొదట్నుంచీ చెప్పదు, తిన్నగా యుద్ధం మధ్యలో తీసుకెళ్లి నిలబెడుతుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియనివాళ్లకి అంతా గందరగోళం. తెలిసినవాళ్లకి మాత్రం ఒక గొప్ప అవకాశం ఉంది: అదే యుద్ధాన్ని నాలుగు వైపుల నుంచి చూపిస్తారు. లూఫీ, వైట్‌బియర్డ్, అకైను, ఏస్. ఇంతకంటే చెప్పను.

ఈలోగా ఆట తెరవాలనిపిస్తే వాంటెడ్ వర్సస్ ఆడుకో. గోడకి అంటించిన పోస్టర్లుంటాయి, ఒక్కోదానికీ ఒక్కో షరతు. చేతికి బటన్లు అలవాటవుతాయి.

#12 డల్లాస్_చాపర్
మంగళవారం, రాత్రి 11:58

నేను అమెరికా నుంచి. హైదరాబాద్‌లో ఉన్న మా బావతో ఈ ఆట ఆన్‌లైన్‌లో ఆడాలని ఎంతో ప్రయత్నించాను. ఇలాంటి ప్రయత్నం చేసేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి లెక్క చెప్తాను.

డల్లాస్‌కీ హైదరాబాద్‌కీ దూరం దాదాపు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే తీగ తిన్నగా వేసినా నేను నొక్కిన బటన్ వాడికి చేరడానికి 70 మిల్లీసెకన్లు, తిరిగి రావడానికి ఇంకో 70. సెకనుకి 60 ఫ్రేములు అనుకుంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. రానూపోనూ ఎనిమిది ఫ్రేములు ప్రయాణానికే పోయాయి. శాంతోర్యు తమ్ముడికి తెలిసే ఉంటుంది, టెక్కెన్‌లో అన్నిటికన్నా వేగమైన జాబ్ (చిన్న గుద్దు) 10 ఫ్రేములు. నిజంగా తీగలు సముద్రం చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. ఎల్1 సమయానికి పట్టుకోవడం మీద ఆధారపడ్డ ఆట ఇది. మా బావ మంటగా మారాడని నాకు కనిపించేసరికి వాడు మామూలు మనిషై నన్ను కొడుతున్నాడు. మానేశాం. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఒకే సోఫాలో కూర్చుని ఆడాం. గుంటూరు తమ్ముడూ, తమ్ముడు పక్కనే ఉన్నాడు నీకు. ఆ మూడు గంటలు చాలా పెద్ద సంగతి.

ఇంకో విషయం. కొనేవాళ్లు వీలైతే డిస్కే కొనండి. ఇదే స్పైక్ చున్‌సాఫ్ట్ చేసిన జంప్ ఫోర్స్ 2019లో వచ్చింది, లూఫీ, జొరో, సాంజీ అందరూ ఉన్నారు అందులో. 2022 ఫిబ్రవరిలో డిజిటల్ అమ్మకం ఆపేశారు, అదే ఏడాది ఆగస్టులో ఆన్‌లైన్ మూసేశారు. మూడేళ్లు. లైసెన్సు తీసుకుని చేసే ఆటలకి ఈ గండం ఎప్పుడూ ఉంటుంది. డిస్కు మన బీరువాలో ఉంటే మనకి ఆడుకోవడానికి మిగులుతుంది.

#13 నెల్లూరు_నామి
బుధవారం, ఉదయం 7:15

సెకండ్ హ్యాండ్ డిస్కు కొనేవాళ్లు ఒకటి చూసుకోండి. అదనపు పాత్రల కోడ్ ఉన్న కాగితం డబ్బాలో ఉన్నా, మొదట కొన్నవాళ్లు వాడేసి ఉంటే అది మనకి పనికిరాదు. నాకు ఒక షాపులో అన్నీ ఉన్నాయని చెప్పి అంటగట్టారు. ఇంటికొచ్చి కోడ్ కొడితే చెల్లదని వచ్చింది. ఆ కాగితానికి డబ్బులు ఎక్కువ ఇవ్వకండి.

#14 వరంగల్_శాంతోర్యు
బుధవారం, ఉదయం 10:20

డల్లాస్ అన్నా, లెక్క మంచిగ చెప్పినవ్. 10 ఫ్రేముల జాబ్ నిజమే.

న్యాయంగ ఉండే వన్ పీస్ ఫైటింగ్ గేమ్ కావాల్నంటే నాకు తెలిసింది ఒకటి ఉన్నది. గ్రేట్ పైరేట్ కొలోసియం, నింటెండో 3డీఎస్‌ది, 2016లనే వచ్చింది. ఆర్క్ సిస్టమ్ వర్క్స్ చేసింది, గిల్టీ గేర్ చేసినోళ్లు. పక్క నుంచి చూసే పాత పద్ధతి, ఎడమోడు కుడోడు. వీళ్లే తర్వాత 2018ల డ్రాగన్ బాల్ ఫైటర్‌జెడ్ చేసిన్రు, అది పెద్ద పెద్ద టోర్నమెంట్ల దాక పోయింది. వీళ్ల డ్రాగన్ బాల్ 3డీఎస్ ఆట తోని ఈ కొలోసియంను కలిపి ఆడేటట్టు కూడ పెట్టిన్రు, లూఫీ దిక్కు గోకూ. కానీ జపాన్ దాటి రాలేదు. గదే పనితనం తోని, పెద్ద తెర మీద, వన్ పీస్‌కు ఒక ఆట చెయ్యమని నేను దేవునికి మొక్కుకుంటున్న.

తెల్లమీసం అన్నా, నీ స్మోకర్ ముచ్చట రాత్రంత నా మనసుల ఉన్నది. నిన్న మల్ల డిస్కు పెట్టిన, జొరోతోని క్రొకొడైల్ మీదికి పోయిన. హాకీ లేకుంట కావాల్నని కొట్టిన. కత్తి ఇసకల నుంచి పోయింది. పోయిందంటే పోయింది, చేతికి బరువే తెల్వలే. ఎల్1 పట్టి కొట్టిన. తగిలింది. ఆ రెండిటి నడుమ తేడా చేతికి తెలుస్తది, అది ఇంకే ఆటల నాకు దొరకలే. నా మాట మీద నేనున్న, టోర్నమెంట్‌కు ఇది పనికిరాదు. కానీ నువ్వు చెప్పింది ఏందో ఇప్పుడు సమజైంది.

#15 తెల్లమీసం_సికింద్రాబాద్
బుధవారం, రాత్రి 9:05

అంతకంటే ఏం కావాలి నాకు. హైదరాబాద్ వస్తే ఇంటికి రా, గ్రాండ్ అడ్వెంచర్ చూపిస్తా. పీఎస్2 ఇంకా నడుస్తోంది.

#16 గడ్డిటోపీ_గుంటూరు
ఆదివారం, రాత్రి 10:40

ఈరోజు ఆడాం. అంతా రాస్తాను.

ముందు నా జట్టు: ఉసోప్, చాపర్, లూఫీ. నామిని మార్చాల్సి వచ్చింది. వారమంతా కాలేజీ నుంచి రాగానే పావుగంట ప్రాక్టీస్ మోడ్‌లో ఎల్1 ఒక్కటే చేశా. ఏస్‌ని అలా నిలబెట్టి, పట్టుకుని కొట్టడం, వదలడం. ఎడమ చూపుడువేలు నెప్పి పుట్టింది.

తమ్ముడు అదే జట్టు, ఏస్, సాబో, అకైను. మొదటి మ్యాచ్‌లో ఉసోప్‌నే దింపా. వాడు వెంటనే ఎల్1. నేను ఆపలేదు, పాప్ గ్రీన్ మొక్కలు వేస్తూనే ఉన్నా, తగలవని తెలిసి కూడా. వాడికి అలవాటు అవ్వాలని. మంట, మామూలు, మంట, మామూలు. వాడు నా వైపు చూసి "అన్నయ్యా, మళ్లీ అదేనా" అన్నాడు. అప్పుడు లూఫీని దింపా. వాడి వేలు ఎల్1 మీదే ఉంది. ఏస్ మంటగా మారి నిలబడ్డాడు. లూఫీ చెయ్యి నల్లబడింది. గుద్దు ఆ మంట మధ్యలో ఆగింది. ఈసారి అవతలికి పోలేదు. ఏస్ ఎగిరి పడ్డాడు.

తమ్ముడు కంట్రోలర్ వైపు చూశాడు, ఏదో తప్పు నొక్కానేమో అన్నట్టు. మళ్లీ ఎల్1 పట్టుకున్నాడు. మళ్లీ తగిలింది. మూడోసారి వాడు పట్టుకోలేదు. మామూలుగా కాచుకోవడం మొదలుపెట్టాడు. అంటే ఏస్ ఇక మంట కావడం లేదు. అప్పుడు మళ్లీ ఉసోప్‌ని దింపా.

శాంతోర్యు అన్నా, ఇది మీకోసం రాస్తున్నా. ఉసోప్ గుండు ఏస్‌కి తగిలింది. వాడు ఎల్1 నొక్కడానికి భయపడి నొక్కలేదు, తగిలింది. మీరు అడిగిన నీళ్ల పీపా లూఫీయేనేమో అనిపించింది నాకు. చివరి దెబ్బ కూడా ఉసోప్‌దే.

ఆరు మ్యాచ్‌లు ఆడాం. రెండు నేను గెలిచా. నాలుగు వాడు. మూడో మ్యాచ్ నుంచి వాడు కూడా మార్చేశాడు, అకైనుని తీసి జొరోని పెట్టాడు. వచ్చే ఆదివారానికి ఇప్పట్నుంచే ఆలోచిస్తున్నాడు, లెక్కల పుస్తకం వెనక అట్ట మీద జట్లు రాసుకుంటుంటే అమ్మ చూసింది.

#17 వరంగల్_శాంతోర్యు
ఆదివారం, రాత్రి 11:02

తమ్మీ, నీది రెండుసార్లు సదివిన. ఎదుటోని అలవాటును వాని మీదికే తిప్పినవ్, దాన్నే మేం టెక్కెన్‌ల కండిషనింగ్ అంటం. ఉసోప్‌తోని చేసినవ్ సూడు, శభాష్.

#18 కొత్తనావికుడు_తిరుపతి
గురువారం, తెల్లవారుజామున 3:17

చూసినాను.

ఇప్పుడే అయిపోయింది. ఏస్... నాకు ఇంక రాయడానికి రాలేదు. పొద్దున్నే క్లాసుంది, నిద్ర పట్టలే.

#19 తెల్లమీసం_సికింద్రాబాద్
గురువారం, ఉదయం 5:50

మెలకువ వచ్చి చూశాను బాబూ. ఏమీ రాయకు, పర్వాలేదు. నేను చూసింది పదేళ్ల పైమాటే, ఆ రాత్రి నేనూ పడుకోలేదు. వైట్‌బియర్డ్ ఒంటి మీద 267 కత్తి గాయాలు, 152 తూటాలు, 46 ఫిరంగి గుండ్లు, వీపు మీద ఒక్క మచ్చ లేదు. ఆ లెక్క నాకు ఇవాళ్టికీ నోటికొచ్చు. ఎందుకు ఈ పేరు పెట్టుకున్నానో ఇప్పుడు నీకు తెలుస్తుంది.

#20 కొత్తనావికుడు_తిరుపతి
శనివారం, సాయంత్రం 5:25

డిస్కు తెచ్చుకున్నానండీ. స్టోరీ మొదలుపెట్టినా. లూఫీది అయింది, వైట్‌బియర్డ్‌ది అయింది. ఇప్పుడు మూడోది అకైను. నేనే అకైనుని ఆడించాలంట. స్టార్ట్ దగ్గిర ఆపేసి కూర్చోనుండా. నాకు చేతులు రావటంలే. ఏస్‌ని చంపిన ఆయప్పగా నేనెట్ల కొట్టేది?

#21 నెల్లూరు_నామి
శనివారం, సాయంత్రం 5:41

నేనూ అక్కడే వారం రోజులు ఆపేశాను తమ్ముడూ. మా ఆయన ఆడి పెడతానన్నారు, వద్దన్నాను. ఇబ్బందిగానే ఆడు, ఇష్టం లేకుండానే ఆడు. దాని తర్వాతది ఏస్‌ది.